తండ్రి సంతకం లేకపోతే పిల్ల బడికెళ్లకూడదా?

ప్రశ్న: అమ్మా, మాది పలాస. జీడిపిక్కల వ్యాపారం. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయికి టెక్కలి సంబంధం చేశాం. అల్లుడు గుజరాత్‌లో పనికని వెళ్లి మొదట్లో డబ్బులు పంపేవాడు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. అమ్మాయి, ఐదు నిండిన మనవరాలు మా ఇంట్లోనే ఉంటున్నారు. విడాకులు కాలేదు. ఒకటో తరగతిలో చేర్చుదామని ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్తే తండ్రి సంతకం, తండ్రి ఆధార్ లేనిదే కుదరదన్నారు. నాకు ఒళ్లు మండి ఆ అల్లుడి పేరే పుట్టిన సర్టిఫికెట్‌లోంచి తీయించేద్దామనుకుంటున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే వచ్చింది. విశాఖలో లా చదువుతున్న మా చిన్నమ్మాయి, ‘అసలు చట్టాల్లో భర్త, భార్య, తల్లి, తండ్రి అన్న మాటలే ఉండకూడదు నాన్నా, స్పౌజ్, పేరెంట్ అని రాయాలి, చాలా దేశాల్లో రాసుకున్నారు’ అంది. రేపు నా మనవరాలి కాగితంలో అమ్మ అన్న మాట కూడా ఉండదా అని నేను గట్టిగా అరిచాను. రెండు రోజులు మాటల్లేవు. మా ఆవిడ బెంగ ఇంకొకటి. చిన్నది హాస్టల్ వదిలేసి ఒక స్నేహితురాలితో గది తీసుకుని ఉంటోంది. పెళ్లి మాటెత్తితే దాటేస్తోంది. ‘ఓలమ్మో, ఈ స్పౌజ్ గోలంతా అందుకేనేటి’ అని ఆవిడకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?
ఒక తండ్రి, పలాస

సమాధానం: అన్నగారూ, మనవరాలి అడ్మిషన్, చట్టంలో మాటలు, చిన్నమ్మాయి పెళ్లి, మూడూ ఒకే రాత్రి కంచాల ముందు బయటపడేసరికి మీకు మూడూ ఒకే గొడవలా కనిపిస్తున్నాయి. విడివిడిగా చూద్దాం. గడువు ఉన్నది మనవరాలి పనికి కాబట్టి ముందు అది.

తండ్రి పేరు వేరు, తండ్రి సంతకం వేరు. స్కూలువాళ్లు రెండూ కలిపేశారు, కోపంలో మీరూ కలిపేస్తున్నారు. పుట్టిన సర్టిఫికెట్‌లో ఉన్న పేరు అలాగే ఉండనివ్వండి. తండ్రి ఎవరో తెలిసి, పెళ్లి కూడా నిలిచి ఉన్నప్పుడు, పట్టించుకోవడం లేదన్న కారణానికి ఆ పేరు కొట్టేయరు. ఒకవేళ కొట్టేసినా నష్టం మీ అల్లుడికి కాదు. రేపు పిల్లకు మనోవర్తి అడగాలన్నా, తండ్రి ఆస్తిలో వాటా అడగాలన్నా చూపించాల్సింది ఆ కాగితమే. స్కూలు దరఖాస్తులో తండ్రి పేరు అడిగిన గడిలో ఆయన పేరే రాయండి. సంతకం దగ్గర మీ అమ్మాయి చేస్తుంది.

అలా చేయొచ్చా అంటే నిక్షేపంగా చేయొచ్చు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పెళ్లయినవాళ్ల పిల్లలకు సహజ సంరక్షకుడు ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’. ఐదేళ్లు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. అంటే చంకనెత్తుకుని పెంచే పని తల్లిది, కాగితం మీద పెద్దరికం తండ్రిది! ఈ ‘ఆయన తర్వాత’ అన్నదాన్ని చాలాకాలం ‘ఆయన పోయాక’ అనే అర్థంలోనే వాడుతూ వచ్చారు.

1984లో రచయిత్రి గీతా హరిహరన్, ఆమె భర్త మోహన్ రామ్ తమ కొడుకు పేరున రిజర్వు బ్యాంకు రిలీఫ్ బాండ్లు కొనబోయారు. సంరక్షకురాలిగా తల్లి సంతకం పెట్టింది. తండ్రి సంతకం చేయాలి, లేదంటే ఆవిడే సంరక్షకురాలని సర్టిఫికెట్ తేవాలి అని బ్యాంకు దరఖాస్తును తిప్పి పంపింది. గమ్మత్తేమిటంటే అక్కడ తండ్రి ఎక్కడికీ పోలేదు. భార్య సంతకం చాలని ఆయనే అంటున్నాడు. అయినా ఒప్పుకోలేదు. ఆ కేసులో 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ‘తర్వాత’ అంటే చనిపోయిన తర్వాత అని మాత్రమే కాదు, ‘ఆయన లేనప్పుడు’ అని చదువుకోవాలంది. తండ్రి పిల్లల్ని అసలు పట్టించుకోకపోయినా, దూరంగా ఉండి చూసుకోలేకపోయినా, ఇద్దరూ అనుకుని బాధ్యత తల్లికి అప్పగించినా, ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చు. మీ అమ్మాయి పరిస్థితి అచ్చం ఇదే.

కాబట్టి ఆమె చేత తెల్ల కాగితం మీద ఒక డిక్లరేషన్ రాయించండి. నేను ఫలానా పిల్ల తల్లిని, ఫలానా నెల నుంచి పిల్ల నా దగ్గరే పెరుగుతోంది, తండ్రి పిల్ల బాగోగులు చూడటం లేదు, ఆరో సెక్షన్ కింద, 1999 నాటి గీతా హరిహరన్ కేసు తీర్పు ప్రకారం సహజ సంరక్షకురాలిగా నేను సంతకం చేస్తున్నాను. ఇంతే. దానికి పుట్టిన సర్టిఫికెట్ నకలు, తల్లి ఆధార్ నకలు జతచేయండి. నోటరీ చేసిన అఫిడవిట్ కావాలంటే అదీ ఇవ్వండి. అయితే అందులో అల్లుడి మీద మీకున్న కోపమంతా కక్కకండి. ‘తాగుబోతు, తిరుగుబోతు’ అని రాసిన అఫిడవిట్లు తర్వాతెప్పుడో వేరే కేసులో ఎదుటి వకీలు చేతికి చిక్కి, నిరూపించలేక అవస్థపడిన ఆడపిల్లల్ని మా విజయనగరం కోర్టులో చూస్తూనే ఉన్నాను.

ఆధార్ మాటకొస్తే, స్కూల్లో చేరడానికి పిల్ల ఆధారే తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో ఆధార్ తీర్పులోనే చెప్పింది. ఇక ఊళ్లో లేని తండ్రి ఆధార్ ఎక్కడి నుంచి తెస్తారు? విద్యాహక్కు చట్టం కూడా వయసు రుజువు లేదనే కారణంతో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదంటుంది. మీ దగ్గర ఆ రుజువు కూడా ఉంది. ఇంకా కాదంటే మండల విద్యాశాఖాధికారికి ఒక అర్జీ పెట్టండి.

మిగతా కాగితాల గురించి కూడా మీకు బెంగ ఉంటుంది, అవి అంత కష్టం కాదు. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఒక్కరి పేరు ఇస్తే చాలని 2016 డిసెంబరులోనే విదేశాంగ శాఖ మార్చింది. తల్లి ఒంటరిగా పెంచుతుంటే పాన్ కార్డుకు తండ్రి పేరు అక్కర్లేదని 2018 డిసెంబరు నుంచి ఆదాయపన్ను నిబంధన. పెళ్లికాని తల్లి అయితే తండ్రి పేరు బయటపెట్టకుండానే సంరక్షకురాలు కావచ్చని, ఆమె అఫిడవిట్ ఇస్తే బిడ్డకు జనన సర్టిఫికెట్ ఇవ్వాలని 2015 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీకు పనికిరాదు, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మనోవర్తి గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద (పాత సీఆర్‌పీసీలో 125) భార్యకూ, బిడ్డకూ మనోవర్తి అడగవచ్చు. భార్య ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, గుజరాత్ రైలెక్కక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ చిన్నమ్మాయి అన్న మాటకు వద్దాం. ఆ పిల్ల మిమ్మల్ని తండ్రి కుర్చీలోంచి దింపాలని అనలేదు అన్నగారూ. అక్క కోసం అంది. స్కూలు గుమాస్తా మీ పెద్దమ్మాయిని వెనక్కి పంపడానికి మూలం ఎక్కడుంది? ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’ అన్న ఆ వరసలోనే ఉంది. అక్కడ ‘తల్లిదండ్రుల్లో ఎవరైనా’ అని ఉండి ఉంటే ఈ ఉత్తరం మీరు రాసేవారే కాదు. తల్లికీ తండ్రికీ సమాన హోదా ఇస్తూ ఆ సెక్షన్ మార్చమని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది కూడా. ఇంకా మార్చలేదు. కోర్టు అర్థం సరిచేసింది గానీ పుస్తకంలో మాట అలాగే ఉంది, గుమాస్తా చదివేది పుస్తకంలో మాటనే.

చట్టంలో మాట మారితే ఏమవుతుందో మీ ఇంట్లోనే చూసుకోండి. మీకు ఇద్దరూ ఆడపిల్లలు. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా కొడుకులదే అని ఉన్న హిందూ వారసత్వ చట్టానికి, కూతుళ్లకు కూడా అదే హక్కని మన రాష్ట్రం సవరణ తెచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. దేశం మొత్తానికి 2005లో ఆ హక్కు వచ్చింది. ఇళ్లు ముక్కలైపోతాయని, అన్నాచెల్లెళ్లు మొహాలు చూసుకోరని అప్పట్లో అనని ఊరు లేదు. ఇప్పుడు మీ తండ్రిగారి నుంచి వచ్చిన పొలమేదైనా ఉంటే అందులో మీ కూతుళ్లకు ఉన్న హక్కు ఆ మార్పు వల్ల వచ్చిందే. కొడుకు అన్న మాట పక్కన కూతురు అన్న మాట చేరినంత మాత్రాన కొడుకులెవరూ కొడుకులు కాకుండా పోలేదు.

చట్టాల్లో ఇలాంటి మాటల సర్దుబాటు కొత్తదేమీ కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, సందర్భం ఒప్పుకుంటే, చట్టంలో మగవాళ్లను ఉద్దేశించిన మాట ఆడవాళ్లకూ వర్తిస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి అందరం ఆ ‘అతడు’లోనే సర్దుకున్నాం. 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత అయితే ‘అతడు’ అంటే పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్ ముగ్గురూ అని నిర్వచనంలోనే చెప్పేసింది. దొంగతనానికో మోసానికో శిక్ష వేసేటప్పుడు దీంతో పేచీ లేదు. పేచీ అంతా పెళ్లి దగ్గరా, పిల్లల దగ్గరా వస్తుంది. ఎందుకంటే అక్కడ చట్టం రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో లెక్క చెబుతుంది.

మతంతో సంబంధం లేకుండా రిజిస్టరు పెళ్లి చేసుకునేవాళ్ల కోసం ఉన్న 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం నాలుగో సెక్షన్ ‘ఏ ఇద్దరు వ్యక్తులైనా’ అని మొదలవుతుంది. రెండడుగులు వేసేసరికి ‘పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్లు నిండాలి’ అంటుంది. పెళ్లి చేసుకోవాలనుకున్న హైదరాబాద్ మగ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్, వాళ్లతో పాటు ఇంకా చాలామంది సుప్రీంకోర్టుకు వెళ్లి అడిగిందదే: పురుషుడు, స్త్రీ అన్నచోట వ్యక్తి అని, భర్త, భార్య అన్నచోట స్పౌజ్ అని చదవండి చాలు, చట్టం కొట్టేయక్కర్లేదు అని. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ అది మా పని కాదు, పార్లమెంటు పని అన్నారు. ఆ రెండు మాటలు మారిస్తే వారసత్వం, విడాకులు, భరణం అంటూ ఎన్నో చట్టాల్లో తీగంతా కదులుతుంది, అంత తిరగరాత కోర్టు చేయకూడదు అన్నది ఒక కారణం. అయితే ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా స్త్రీగా బతికే మనిషి) పురుషుణ్ణి, ట్రాన్స్ పురుషుడు (ఆడబిడ్డ అని రాసినా మగవాడిగా బతికే మనిషి) స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని ఐదుగురూ ఒప్పుకున్నారు. అంతకుముందే 2019లో మద్రాసు హైకోర్టు, హిందూ వివాహ చట్టంలో వధువు అంటే ట్రాన్స్ మహిళ కూడా అవుతుందని చెప్పి, తూత్తుకుడి జంట పెళ్లిని రిజిస్టరు చేయించింది.

విదేశాల సంగతి మీ అమ్మాయి చెప్పింది నిజమే, పూర్తిగా మాత్రం చెప్పలేదు. కెనడా 2005లో పెళ్లిని ఇద్దరు వ్యక్తుల కలయికగా నిర్వచించింది. అదే ఏడాది స్పెయిన్ తన సివిల్ కోడ్‌లో భర్త, భార్య అన్నచోట భాగస్వాములు అనే అర్థం వచ్చే మాట పెట్టింది. థాయిలాండ్ కథ మీరిద్దరూ కలిసి వినాలి. అక్కడ 2025 జనవరి 23 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పురుషుడు, స్త్రీ పోయి వ్యక్తి వచ్చింది, భర్త, భార్య పోయి జీవిత భాగస్వామి వచ్చింది. తల్లి, తండ్రి అన్న మాటల్ని మాత్రం అలాగే ఉంచేశారు. వాటినీ మార్చాలని అక్కడి ఉద్యమకారులు గట్టిగానే అడిగారు, చట్టసభ ఒప్పుకోలేదు. పెళ్లి గురించి మాట మార్చడం ఒకటి, కన్నవాళ్ల గురించి మాట మార్చడం ఇంకొకటి అని అంత పెద్ద మార్పు చేసినవాళ్లు కూడా అనుకున్నారన్నమాట. బ్రిటన్‌లో ఇంకో రకం. చట్టప్రకారం పురుషుడిగా గుర్తింపు పొందిన ఫ్రెడీ మెకానెల్ అనే ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు, జనన సర్టిఫికెట్‌లో తనను తండ్రి అనో పేరెంట్ అనో రాయమన్నాడు. కన్నవారు ఎవరైనా చట్టం దృష్టిలో తల్లే అని అక్కడి అప్పీలు కోర్టు 2020లో తేల్చింది.

మన దక్షిణాదిలోనే కేరళలో దీనికి భిన్నంగా జరిగింది. కోళికోడ్‌లో ఒక ట్రాన్స్ జంటకు 2023లో బిడ్డ పుట్టింది. కన్నది ట్రాన్స్ పురుషుడు. ఆయన మగవాడిగా బతుకుతున్నాడు, సర్టిఫికెట్‌లో తల్లి అని పడింది. ట్రాన్స్ మహిళ అయిన ఆమె పేరు తండ్రి గడిలో పడింది. రేపు ఆ పాప బడిలో చేరేటప్పుడు కాగితంలో ఒకటి, ఎదురుగా నిలబడినవాళ్లు ఇంకొకటి. తల్లి, తండ్రి అని కాకుండా ఇద్దరి పేర్లూ తల్లిదండ్రులు అనే ఒకే మాట కింద రాసివ్వమని కేరళ హైకోర్టు 2025 జూన్‌లో ఆదేశించింది. ఆ ఒక్క పాపకు అలా ఇచ్చారు. కేరళలో మిగతా పిల్లలందరి కాగితాల్లో అమ్మ, నాన్న ఉన్నచోటే ఉన్నారు. మీ మనవరాలి కాగితంలో అమ్మ అన్న మాట ఎవరూ చెరపబోవడం లేదు. ఇంట్లో ఆ పిల్ల ఎవరిని ఏమని పిలవాలో ఏ చట్టమూ చెప్పదు కూడా.

కాగితం మీద ఒక మాట పిల్లల్ని ఎంత బాధపెడుతుందో తెలియాలంటే మన ఉమ్మడి రాష్ట్రపు కేసొకటి ఉంది. భర్త పోయిన ఒకావిడ మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలని మొదటి అత్తమామలతో తగవు. హైకోర్టు పాత ఇంటిపేరే పెట్టమని, రెండో భర్తను కాగితాల్లో చూపించాల్సి వస్తే సవతి తండ్రి అని రాయమని చెప్పింది. ఆకెళ్ల లలిత కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. సవతి తండ్రి అని రాయించడం క్రూరం, ఆలోచన లేని పని అని 2022 జులైలో సుప్రీంకోర్టు మందలించింది. తండ్రి చనిపోయాక ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదే అంది. మీ పెద్దమ్మాయికి రేపెప్పుడైనా మారుమనువు ఆలోచన వస్తే ఈ తీర్పు గుర్తుంచుకోండి. అయితే ముందు విడాకులు కావాలి. కన్న తండ్రి బతికి ఉన్నాడు కాబట్టి మీ విషయంలో ఇంటిపేరు మార్చడం అంత తేలిక కాదు.

ఇంతవరకూ మీ చిన్నమ్మాయి పక్షమే మాట్లాడాను. ఇప్పుడు ఆ పిల్లతో నాకున్న పేచీ చెబుతాను. ‘అన్ని చట్టాల్లోనూ తీసేయాలి’ అందే, అది నేను ఒప్పుకోను. గృహహింస చట్టంలో ఫిర్యాదు చేసేది స్త్రీ అని ఉంది. భర్త, అతని బంధువులు పెట్టే క్రూరత్వానికి శిక్ష వేసే సెక్షన్‌లోనూ స్త్రీ అనే ఉంది. ఆ మాటలు తీసి ‘భాగస్వామి’ అని పెట్టేస్తే రేపు మీ అల్లుడు, పిల్లను తీసుకుని మీ అమ్మాయే వెళ్లిపోయి తనను హింసిస్తోందని ముందే కేసు వేస్తాడు. వాయిదాలకు తిరిగే ఓపిక, డబ్బు ఎవరికి ఎక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 తీర్పులో న్యాయమూర్తి రవీంద్ర భట్ కూడా ఈ భయమే వ్యక్తం చేశారు, ప్రత్యేక వివాహ చట్టాన్ని లింగభేదం లేకుండా చదివితే ఆడవాళ్లకు అనుకోని నష్టాలు రావచ్చన్నారు. పెళ్లి హక్కు విషయంలో ఆయన తీర్పుతో నాకు అంత సమాధానం లేదు గానీ ఈ ఒక్క మాట మాత్రం కోర్టు గుమ్మాలు తొక్కినవాళ్లెవరూ తీసిపారేయరు.

స్త్రీ అన్న మాట ఉంచుతూనే దాని లోపలికి ఇంకొందరిని రానివ్వొచ్చు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో చేసింది అదే. ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయే, ఆ క్రూరత్వపు సెక్షన్ కింద (పాత 498ఎ) భర్త మీద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకూ ఉందని చెప్పింది. ఆ కేసులో ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని కేసు కొట్టేసింది, అది వేరే సంగతి.

కాబట్టి పెత్తనం ఎవరిదో, సంతకం ఎవరిదో చెప్పేచోట మాట ఇద్దరికీ సమానంగా ఉండాలి. దెబ్బలు తినేవాళ్లను కాపాడేచోట ఎవరు దెబ్బలు తింటున్నారో పేరు పెట్టి చెప్పాలి. నా అభిప్రాయం ఇది. మీ అమ్మాయి ఒప్పుకోకపోవచ్చు, తన ప్రొఫెసర్లు ఇంకోలా చెప్పి ఉండొచ్చు.

మన ప్రభుత్వాలు అప్పుడప్పుడు ఏ హడావుడీ లేకుండా దీన్ని సర్దేసుకుంటాయి కూడా. అమ్మ ఒడి పథకం గుర్తుందిగా. పేరులోనే అమ్మ. డబ్బు పడేది తల్లి ఖాతాలో. నిబంధనల్లో మాత్రం ‘తల్లి లేదా సంరక్షకులు’ అని రాసుకున్నారు. తల్లి లేని పిల్లలకు డబ్బు ఆగలేదు, అమ్మ పేరుకు వచ్చిన లోటూ లేదు. ఓటరు నమోదు ఫారం ఆరు తీసి చూడండి. బంధువు పేరు రాసే చోట తండ్రి, తల్లి, భర్త, భార్యతో పాటు ట్రాన్స్‌జెండర్ల కోసం గురువు అని కూడా ఉంటుంది. వాళ్ల కుటుంబాల్లో పెద్దదిక్కు గురువే కాబట్టి ఎవరో తెలిసినవాళ్లు ఆ మాట చేర్చారు. ఈ ఫారం మీద ఎవరూ భోజనాల దగ్గర పోట్లాడుకోలేదు.

ఇక మీ ఆవిడ బెంగ. ఒక చట్టం గురించి వాదించేవాళ్లకల్లా ఆ చట్టంతో సొంత అవసరం ఉందనుకుంటే, ఖూనీ కేసులు వాదించే మా వకీళ్లందరినీ లోపలేయాలి. హాస్టల్ వదిలి స్నేహితురాలితో గది తీసుకోవడం విశాఖలో చదివే పిల్లలు మామూలుగా చేసే పనే, మెస్ తిండి పడక కొందరు, లైబ్రరీకి దగ్గరని కొందరు. పెళ్లి మాట దాటేయడానికి కారణం మీ ఇంట్లోనే ఉండొచ్చు. అక్క సంసారం ఎలా అయిందో కళ్లారా చూస్తున్న పిల్ల పెళ్లంటే ఉత్సాహం చూపకపోతే అందులో వింతేముంది?

ఒకవేళ మీ ఆవిడ అనుకున్నదే నిజమైతే? అదీ చెప్పకుండా వదలను. ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతకడం నేరం కాదు, 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. పెళ్లిగా రిజిస్టరు చేయించుకోవడానికి మాత్రం ఈ దేశంలో ప్రస్తుతం వీల్లేదు. 2023 తీర్పును మళ్లీ చూడమని వేసిన పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టేశారు. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. 2024 డిసెంబరులో మన హైకోర్టు ముందుకే ఇలాంటి కేసు వచ్చింది. తండ్రి ఇంటికి తీసుకెళ్లి కదలనివ్వని అమ్మాయిని పిలిపించి అడిగారు. మేజర్ అయిన పిల్ల తన స్నేహితురాలితో ఉంటానంటే తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పి పంపించారు. తొందరపడి మేనరికమో, తెలిసిన సంబంధమో చూసి ముడిపెట్టేద్దామన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే దాన్ని ఇక్కడితో ఆపేయండి. ఒక కూతురి కాపురం ఎలా అయిందో చూశాక కూడా ఆ పని చేయకండి.

మీ ఆవిడను చిన్నమ్మాయి దగ్గరికి నాలుగు రోజులు వెళ్లి ఉండి రమ్మనండి. సామాన్లు సోదా చేయడానికి కాదు, ఆ గది ఎలా ఉందో, ఆ స్నేహితురాలు ఎవరో చూసి రావడానికి. పెళ్లి మాట, చట్టం మాట రెండూ ఎత్తొద్దని చెప్పండి. చెప్పాలనుకుంటే ఆ పిల్లే చెబుతుంది, ఏమీ లేకపోతే ఆ సంగతీ అక్కడే తెలిసిపోతుంది.

మీరు మాత్రం చిన్నమ్మాయికి ఈ రోజే ఫోన్ చేసి, అక్క తరఫున ఆ డిక్లరేషన్ నువ్వే రాసి పంపమని అడగండి. లా చదివే పిల్లకు అరగంట పని. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ‘తీసుకోం’ అంటే, ఎందుకు తీసుకోరో రాసివ్వమనండి. ఆ కాగితం నకలు ఒకటి నాకు కూడా పంపండి.